ఎంగిలి తీగలు

ఆ మేడ మీద చివరి గదికి మంచి పేరు లేదు.

కింద బట్టలు ఇస్త్రీ చేసే కొట్టు. దాని పక్కనుంచి ఇరుకు మెట్లు. పైన సంగీతం బడి. మెట్లెక్కగానే వయొలిన్ గది, దాటితే పాటల గది, ఆ తరువాత డ్రమ్ముల గది. అక్కణ్ణించి వసారా ఒక మలుపు తిరుగుతుంది. ఆ మలుపు అవతల, ఒంటి కిటికీతో ఒక గది — అదీ సంగతి. పొద్దు వాలాక ఎవరూ ఆ మలుపు తిరగరు. తిరగక తప్పకపోతే చేతులు జేబుల్లోనో, కొంగులోనో దాచుకుని మరీ వెళ్తారు.

చేతులే ఎందుకు దాచుకుంటారో చెప్తాను.

ఈ కథ నాకు చెప్పింది మా తోటికోడలు. మా మరిది భార్య, ఆ బడిలో గిటార్ టీచరు. ఒకసారి తనే చెప్పింది. ఇంకోసారి నేను చెప్పించుకున్నాను. ఈ మధ్య పొయ్యి మీద పాలు పెట్టి పుస్తకం పట్టుకుంటే, మాడు వాసన ముక్కుకి తగిలేదాకా పాల సంగతి గుర్తుండట్లేదు. అందుకని, ఇంకా నా దగ్గర ఉండగానే, ఉన్నది ఉన్నట్టు రాసేస్తున్నాను. అన్నం తింటూ మాత్రం చదవకండి.

ఆ గది ఒకప్పుడు ఒక మాస్టారిది. బడి పెట్టిన కొత్తలో గిటార్ నేర్పింది ఆయనే. అసలు పేరు ఉండే ఉంటుంది, కానీ పిల్లల నోట ఆయన పేరు ఎంగిలి మాస్టారు.

ఏది వాయించబోయినా ముందు ఆయన కుడిచేతి బొటనవేలు నోట్లోకి వెళ్ళేది. పుస్తకంలో పేజీ తిప్పడానికి కొందరు వేలు తడుపుకుంటారు చూడండి, అలా కాదు. అది నాలిక చివర అంటీ అంటనట్టు ఉంటుంది. ఈయనది సగం వేలు లోపలికి... మళ్ళీ 'చప్'మని బయటికి. పొగాకు ఎంగిలితో నిగనిగలాడే ఆ వేలితోనే తీగ మీటేవాడు. తడివేలికే తీగ లొంగుతుందని ఆయన నమ్మకం. "పొడివేలు పొగరుబోతు వేలు" అనేవాడట.

అంతటితో ఆగితే ఆయన ఖర్మ అనుకుందుము. పిల్లల వేలు గిటార్ మెడ మీద తప్పు మెట్టున పడిందనుకోండి, ఆ బొటనవేలితోనే పిల్లల వేలిని అదిమిపట్టి సరైన చోటికి జరిపేవాడు. జరిపి, కాసేపు అలాగే నొక్కి ఉంచేవాడు, కుదురుకోవాలని. గంట అయ్యేసరికి పిల్లలు చొక్కాలకీ గౌన్లకీ చేతులు తుడుచుకుంటూ బయటపడేవాళ్ళు.

ఆ పిల్లల్లో మా తోటికోడలు ఒకర్తి.

"ఇంటికి రాగానే సబ్బు అరిగిపోయేలా తోముకునేదాన్ని అక్కా," అంది. "ఇవాళ ఏం నేర్చుకున్నావే అని మా అమ్మ అడిగేది. చేతులు కడుక్కోవడం నేర్చుకున్నా అనేదాన్ని."

ఆయన పోవడం కూడా ఆ గదిలోనే పోయాడు. పొద్దున్న తలుపు తీసేసరికి కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు. ఒళ్ళో గిటార్. ఎడమచేతి వేళ్ళు మెట్ల మీద బిగుసుకుపోయి ఉన్నాయి. కుడిచేతి బొటనవేలు... పెదాల మధ్య ఉంది.

మోయడానికి వచ్చినవాళ్ళు మర్యాదగా ఉండాలని ఆ చేతిని కిందకి దించారట. దించి వదిలితే మళ్ళీ పైకే పోయిందట.

ఛీ. లేచి చేతులు కడుక్కుని వచ్చి మళ్ళీ రాస్తున్నాను.

గది మూసేశారు. మూసిన తలుపు వెనక తీగ మోగిందని ఒకరన్నారు. 'చప్'మని చప్పుడైందని మరొకరు. ఆ తలుపు తీసినవాళ్ళకి బొటనవేలు దానంతటదే తడి అవుతుందని ఇంకొకరు. నిజమెంతో ఎవరూ వెళ్ళి చూడలేదు. చేతులు మాత్రం దాచుకోవడం మొదలుపెట్టారు.

ఏళ్ళు గడిచాయి. మా తోటికోడలు ఆ బడిలోనే టీచరుగా చేరింది. మొదట ఆమెకిచ్చింది డ్రమ్ముల మాస్టారి పక్కగది. గిటార్‌కి అది కుదిరే పని కాదు. "రైలు వెళ్తుంటే పట్టాల పక్కన నిలబడి రహస్యం చెప్పినట్టుంది," అని మొరపెట్టుకుంటే బడి పెద్దాయన తల గోక్కున్నాడు.

"ఖాళీ ఉన్నది ఆ మలుపు గది ఒక్కటేనమ్మా. మీకు భయం లేకపోతే..."

"భయం లేదండీ. అసహ్యం ఉంది. అది కడిగితే పోతుంది," అంది.

కడిగింది. నేల, గోడ, కిటికీ. మాస్టారి గిటార్ ఇంకా అక్కడే ఉంది. బడి సొత్తు. మెట్ల సందుల్లో నల్లటి మడ్డి పేరుకుని ఉంది. దుమ్మనుకుని అగ్గిపుల్లతో గీకితే పొరలు పొరలుగా లేచింది. దుమ్ము కాదది. ఎన్నో ఏళ్ళ వేళ్ళ తోలు, చెమట, ఎంగిలి. ఇత్తడి చుట్టిన లావు తీగలకి పచ్చగా చిలుం పట్టింది. ఆ తీగల్ని కాగితంలో చుట్టి, ఆ కాగితాన్ని ఇంకో కాగితంలో చుట్టి పారేసింది. గిటార్ కూడా పారేద్దామంటే పెద్దాయన ఒప్పుకోలేదు. చెక్క మంచిది, అలాంటి నాదం ఇప్పుడు రాదన్నాడు. అదీ నిజమే. కొత్త తీగలు వేసింది. కుర్చీ కూడా ఉంచేసింది. చేతులు లేని కుర్చీ, గిటార్ పట్టుకోవడానికి సరిగ్గా సరిపోయే ఎత్తు.

ఆ కుర్చీలో నేర్చుకునేవాళ్ళని కూర్చోబెట్టి, తను ఎదురుగా ముక్కాలిపీట మీద కూర్చునేది.

మా తోటికోడలి పాఠం ఎలా ఉంటుందో చెప్పకపోతే ఈ కథ తెలియదు. మొదటి రోజు గిటార్ ముట్టనివ్వదు. గాజులూ గడియారాలూ తీసెయ్యాలి, తనైనా సరే. చేతులు కడుక్కోవాలి, గుడ్డతో ఆర్చుకోవాలి, ఎడమచేతి గోళ్ళు కత్తిరించుకోవాలి. గిటార్ మెడ వెనక బొటనవేలు కోడిగుడ్డుని ఆనించినట్టు ఉండాలి, దొంగని పట్టుకున్నట్టు కాదు. వాయించేది సిగ్గేసేంత నెమ్మదిగా వాయించాలి. తప్పు పడితే దాని మీదుగా దూకి పోకూడదు. ఆగాలి. వెనక్కి రావాలి.

"తప్పుని పరిగెత్తించకండి," అనేది. "పరిగెత్తేకొద్దీ దాని కాళ్ళు గట్టిపడతాయి. తరువాత మీరు ఆగమన్నా అది ఆగదు."

ఎవరైనా వేలు నోటి దగ్గరికి తెచ్చారో, పాఠం అక్కడికి ఆఖరు. లేచి చేతులు కడుక్కుని రావాల్సిందే. గోళ్ళు కొరికే పెద్దమనిషొకాయన ఆ దెబ్బతో గోళ్ళు కొరకడమే మానేశాడు.

అలా రోజులు సవ్యంగా సాగుతుండగా, ఒక సాయంత్రం బడి ఊడ్చే ఆవిడ ఆమెని మెట్ల దగ్గర ఆపింది.

"అమ్మగారూ... ఆ గిటార్ తీగలు ఎందుకు తడిపి వెళ్తున్నారు?"

"తడపడమేంటి? పొడిగుడ్డతో తుడిచి, శ్రుతి చూసి, తాళం వేసి మరీ వెళ్తాను."

"మరి మీరలా వెళ్ళగానే నేనిలా నా తాళంచెవితో తీసి చీపురు పట్టుకుని వెళ్తాను కదా... లావు తీగల మీద చుక్కలుంటున్నాయి."

"నీళ్ళేమో. పైకప్పు కారుతోందేమో చూడు."

ఊడ్చే ఆవిడ అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించింది.

"నీళ్ళయితే జారాలి కదమ్మా. ఇది... సాగుతోంది."

మా తోటికోడలికి వీపు మీద బల్లి పాకినట్టయిందట. నాకు చెప్తున్నప్పుడు కూడా పైట నిండా కప్పుకుంది.

మర్నాటికి బడంతా పాకింది. డ్రమ్ముల మాస్టారు వసారాలో నిలబడి నవ్వుతాడు. "ఏముందమ్మా, మాస్టారికి సెలవు చీటీ ఎవరూ ఇవ్వలేదు. డ్యూటీకి వస్తున్నాడు."

"మీ డ్రమ్ముల మీదకి రావాలి అప్పుడు తెలుస్తుంది," అని ఊడ్చే ఆవిడ తిట్టింది.

"నా దగ్గరికి ఎందుకొస్తాడూ? కర్రలు చీకితే చేదు."

ఆయన నవ్వాడు గానీ, పొద్దుపోయాక ఆయన కూడా మలుపు దాకా వచ్చి అక్కణ్ణించే మాట్లాడేవాడట. చేతులు జేబుల్లో ఉండేవట.

తీగలు పాడవడం మొదలైంది. కొత్తవి వేసిన వారానికే నల్లబడిపోయేవి. నేర్చుకునేవాళ్ళు తెచ్చుకునే గిటార్లకి ఏమీ లేదు. ఆ ఒక్క గిటార్‌కే. దగ్గరికెళ్తే వాసన... తలగడ గలీబు మీద చొంగ ఎండితే వస్తుంది చూడండి, పుల్లగా, పాతగా, ఆ వాసన. మా తోటికోడలు తుడిచేది. ఎర్రమందు వాసన వచ్చే ద్రవమేదో తెచ్చి మరీ తుడిచేది. మరుసటి సాయంత్రం మళ్ళీ చుక్కలు.

ఇదంతా భరించేదే. భరించలేనిది వేరే జరిగింది.

మా తోటికోడలికి ఒక్కతే కూతురు. చిన్నప్పుడు ఒకచోట కుదురుగా ఉండేది కాదని పిచ్చుక అన్నాం, అదే పేరైపోయింది. డిగ్రీ అయింది. సంగీతం కాలేజీలో చేరాలని దాని కోరిక. చేరాలంటే న్యాయనిర్ణేతల ముందు కూర్చుని ఒక పాట మొత్తం వాయించాలి. ఏడాదికి ఒక్కసారే పిలుస్తారు. దానికి పిలుపు వచ్చింది. పిచ్చుక రోజూ సాయంత్రం బడికి వెళ్ళి, పాఠాలన్నీ అయ్యాక ఆ గదిలో, ఆ గిటార్ మీదే సాధన చేసేది. తరువాత అమ్మ తుడిచి, సర్ది, తాళం వేసేదాకా కిటికీ గట్టు మీద కూర్చుని, ఇద్దరూ కలిసి ఇంటికి వచ్చేవాళ్ళు.

బాగా వాయించే పిల్ల. అందులో సందేహం లేదు. అలాంటిది, వాయించేదానిలో ఏదో తేడా వచ్చింది.

"మొదట నా చెవికే తెలియలేదక్కా. స్వరాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. లయ కూడా ఉంది. కానీ ప్రతి వరసకీ ముందు... ఒక చిన్న ఖాళీ. మెట్టు దిగబోతే మెట్టు లేనట్టు. ఇక్కడ ఆగకూడదే అని చెప్తే, నేను ఆగట్లేదమ్మా అంటుంది. సరే చూద్దామని ఎదురుగా వచ్చి నిలబడ్డాను."

నిలబడి చూసింది.

వరస అయింది. పిచ్చుక కుడిచెయ్యి తీగల మీద నుంచి లేచింది. బొటనవేలు పెదాల మధ్యకి వెళ్ళింది... 'చప్'మని బయటికి వచ్చింది. తరువాతి వరస మొదలైంది.

కళ్ళు మూసుకుని వాయిస్తోంది పిల్ల. హాయిగా.

"ఎవరు నేర్పారే నీకది?" అని అరిచింది మా తోటికోడలు.

"ఏది?"

"వేలు! నోట్లో వేలు! ఎక్కడ నేర్చావు?"

పిచ్చుక తన బొటనవేలు వైపు చూసుకుంది. తడిగా మెరుస్తోంది. దానికీ అది కొత్తగానే ఉన్నట్టుంది. ఏదో చెప్పబోయి తల్లి ముఖం చూసి ఆగిపోయింది.

"ఎవరూ నేర్పలేదమ్మా... నాకే తెలియకుండా..."

ఆ ఒక్క మాట చాలింది మా తోటికోడలికి. ఆ కుర్చీ. ఆ గిటార్. ఆ గదిలో ఒంటరిగా ఇన్నాళ్ళ సాధన. తను సబ్బుతో తోమి తోమి వదిలించుకున్నది వచ్చి పిల్లని పట్టుకుంది.

గది మాన్పించింది. ఇంట్లో, దాని సొంత గిటార్ మీద వాయించమంది. ఇంట్లోనూ వేలు నోటికే వెళ్ళింది. బొటనవేలికి పట్టీ చుట్టింది. పట్టీ తడిసింది. వేపనూనె రాసింది. పిల్ల మొహం చిట్లించుకుంది, చీకింది. భయానికీ అసహ్యానికీ మధ్య మనిషి నోరు అదుపులో ఉండదు కదా. ఒకరోజు అనేసింది.

"నీ చెయ్యి చూస్తే నాకు వాంతికొస్తోందే."

ఆ తరువాత పిచ్చుక గిటార్‌ని పెట్టెలో పెట్టి మంచం కిందకి తోసేసింది.

నా దగ్గరికి వచ్చి కూర్చుంది. చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. "పెద్దమ్మా, నేను మంచినీళ్ళు తెచ్చిస్తే అమ్మ తాగట్లేదు," అంది. "నేను వెళ్ళను, ఆ కాలేజీకి. అందరి ముందూ వేలు నోట్లో పెట్టుకునే దాన్ని ఎవరు తీసుకుంటారు?"

ఆ పిల్లకి నేను ఏం చెప్పానో నాకిప్పుడు గుర్తులేదు. ఏదో చెప్పే ఉంటాను. ఆ తొడల కింద చేతులు మాత్రం గుర్తున్నాయి.

పిలుపు రోజు దగ్గర పడింది. మా తోటికోడలు ఒక నిర్ణయానికి వచ్చింది. తప్పు పిల్లది కాదు, వాడిది. అది కళ్ళారా చూపిస్తే పిల్ల చెయ్యి పిల్లకి తిరిగొస్తుంది. నీ చెయ్యి కాదే అది, నీ వేలు కాదే అని నమ్మించాలి. లేకపోతే ఆ పెట్టె ఇక మంచం కిందనుంచి రాదు.

టీచర్లకి ఇప్పుడొక పద్ధతి ఉంది. నేర్చుకునేవాళ్ళ చేతుల్ని ఫోన్‌లో వీడియో తీసి వాళ్ళకే చూపిస్తారు. నీ మణికట్టు ఎలా వంగిందో చూడు, నీ వేలు ఎంత ఎత్తు ఎగురుతోందో చూడు అని. ముఖం అక్కర్లేదు కాబట్టి ముఖం రాకుండా, తీగలూ చేతులూ మాత్రమే కనబడేలా గూట్లో ఫోన్ పెడతారు. మా తోటికోడలు కూడా ఆ గదిలో కుర్చీకి ఎదురుగా ఉన్న గూటిని అందుకే వాడేది.

ఆ సాయంత్రం అందరూ వెళ్ళాక కిటికీ మూసింది. గూట్లో ఫోన్ నిలబెట్టి వీడియో నొక్కింది. రోజూలాగే తుడిచి, శ్రుతి చూసి, గిటార్‌ని కుర్చీలో ఆనించింది. దీపం ఆర్పకుండా వదిలేసి, తాళం వేసి, తాళంచెవులు రెండూ తన దగ్గరే పెట్టుకుంది. ఊడ్చే ఆవిడని ఇవాళ ఆ గదికి వెళ్ళొద్దంది. ఆవిడ ఎందుకని కూడా అడగలేదు. చీపురు చంకలో పెట్టుకుని మెట్లు దిగిపోయింది.

చీకటి బాగా పడనిచ్చి, ఇంటికి వెళ్ళి పిచ్చుకని బతిమాలి తీసుకొచ్చింది.

ఇస్త్రీ కొట్టు మూసేశారు. మెట్ల మీద బొగ్గు వాసన. వసారాలో దీపాల్లేవు. మలుపు దగ్గర, తలుపు కింద సందులోంచి సన్నగా వెలుతురు గీత...

"చేతులు కొంగులో పెట్టుకోనా అమ్మా?" అని గుసగుసగా అడిగింది పిచ్చుక. వెటకారమో భయమో తెలియలేదట.

"ఊరుకో."

తాళం వేసింది వేసినట్టే ఉంది. తీసింది. గదిలో ఎవరూ లేరు. కిటికీ గడియ వేసే ఉంది. గిటార్ కుర్చీలో ఆనించినట్టే ఉంది.

దగ్గరికి వెళ్ళి వంగి చూసింది. లావు తీగల మీద, మీటే చోట, చుక్కలు. అంచులు ఎండుతున్నాయి. ఒక తీగ నుంచి పక్క తీగకి... సన్నగా, దారంలా సాగి ఉంది.

 ఆ అసహ్యంలో కూడా ఆమెకొక ధైర్యం. దొరికాడు. వచ్చాడు, పట్టుబడ్డాడు.

 గిటార్‌ని కొంగుతో పట్టుకుని పక్కకి దించి, కుర్చీలో కూర్చుంది. పిచ్చుక గూట్లోంచి ఫోన్ తీసి తెచ్చి తల్లి చేతిలో పెట్టింది. ఇద్దరూ తలలు దగ్గర పెట్టుకుని చూశారు.

"చీకటి పడ్డాకే వచ్చుంటాడు. చివర్లో ఉంటుంది చూడు," అంది మా తోటికోడలు.

చివర చూశారు. గిటార్ ఒంటరిగా ఆని ఉంది. కాస్త వెనక్కి జరిపారు. గిటార్, కుర్చీ, గోడ. ఇంకా వెనక్కి. ఒక పురుగు తీగ మీద వాలి లేచిపోయింది. అంతే. వెనక్కి, ఇంకా వెనక్కి... నీడ కూడా కదల్లేదు.

"ఏమీ లేదమ్మా."

"ఉంటుంది. మొదటినుంచీ పెట్టు."

మొదటినుంచీ పెట్టారు.

తెర నిండా తీగలు. గిటార్ రంధ్రం. గుడ్డ ఒకటి వచ్చి తీగల్ని తుడిచి పోయింది. ఆ తరువాత ఒక చెయ్యి వచ్చింది.

కుడి చెయ్యి. ఒట్టి చెయ్యి, గాజూ గడియారమూ ఏమీ లేదు. తెర మసకగా ఉంది. బొటనవేలు లావు తీగ మీద వాలి... వాలబోయి ఆగింది. చెయ్యి పైకి లేచింది. తెర దాటి పోయింది. 'చప్'. మళ్ళీ కిందకి వచ్చినప్పుడు వేలు దీపం వెలుగులో మెరిసింది. తీగ మోగింది. చెయ్యి మళ్ళీ పైకి... 'చప్'. పక్క తీగ మోగింది.

"చూశావా!" అంది మా తోటికోడలు. "చూశావా వాణ్ణి? చూడు ఆ మణికట్టు, కొయ్యలా ఎలా బిగిసిందో. బొటనవేలు చూడు, సగం దాకా తడి... ఛీ! ఇన్నేళ్ళైనా వదల్లేదు. చచ్చినా వదల్లేదు వీడు."

పిచ్చుక తెర మీంచి కళ్ళెత్తి తల్లి కుడిచేతి వైపు చూసింది.

"తుడిచేటప్పుడు నేను ఇక్కడే ఉన్నానే... నేను గదిలో ఉండగానే వచ్చాడంటే... నా పక్కనే నిలబడి..."

"అమ్మా," అంది పిచ్చుక నెమ్మదిగా. "గదిలో ఉన్నది నువ్వొక్కదానివే."

"అదే చెప్తున్నా. నేనుండగానే—"

"రోజూ నువ్వు ఈ కుర్చీలో కూర్చుని శ్రుతి చూస్తావు. నేను గట్టు మీద కూర్చుని చూస్తూనే ఉంటాను. చూస్తున్నానని నాకూ తెలియలేదు." పిల్ల గొంతులో కోపం లేదట. అదే భరించలేకపోయానంది మా తోటికోడలు. "నీ చెయ్యే అమ్మా అది."

"నోరు ముయ్యి. నాకు... నాకు అసహ్యం అది. నా దగ్గర నేర్చుకునేవాళ్ళెవరూ... నేనెప్పుడూ..."

మళ్ళీ చూడాలి. సరిగ్గా చూస్తే తెలుస్తుంది. తన చెయ్యి తనకి తెలియదా? వీడియోని వెనక్కి జరపబోయింది. తెర జరగలేదు. మళ్ళీ జరిపింది. జరగలేదు. వేలు జారిపోతోంది గానీ తెర పలకడం లేదు.

"ఏమైంది దీనికి? ఎందుకు జరగట్లేదు?"

"తెర తడిగా ఉందమ్మా."

చూసుకుంది. ఫోన్ అద్దం మీద అడ్డంగా ఒక తడి గీత. దాని పక్కన ఇంకొకటి. బొటనవేలు మెరుస్తోంది. నోట్లో తీగ రుచి... ఇనుము, చిలుము, పులుపు. ఎప్పుడు పెట్టుకుందో తెలియదు. పెట్టుకున్నట్టు కూడా తెలియదు. ఆ కుర్చీలో కూర్చుని ఎదురుచూస్తూ, భయపడుతూ, వాణ్ణి తిడుతూ... 

"అప్పుడు ఏడ్చానక్కా," అంది. "పదేళ్ళ పిల్లలా ఏడ్చాను. క్షమించవే అన్నాను."

పిచ్చుక తల్లి వీపు నిమిరింది. తల్లి తడి చెయ్యిని తన రెండు చేతుల్లోకి తీసుకుని, తన ఓణీతో వేలు వేలూ తుడిచింది. ముఖం చిట్లించలేదు. తుడిచి, ఆ చెయ్యిని తల్లి ఒళ్ళో పెట్టి, తప్పు చేసిన చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పింది.

"ఇద్దరం మానేద్దాం అమ్మా. నెమ్మదిగా. నువ్వే చెప్తావు కదా, తప్పు పడితే ఆగాలి, వెనక్కి రావాలి. ముందు నువ్వు సరిగ్గా చూడు, ఎక్కడ లేస్తోందో చెయ్యి. అది తెలిస్తే ఆపొచ్చు. ఇలా ఇవ్వు ఫోను... లే, నన్ను కూర్చోనీ. నేను చూపిస్తాను."

మా తోటికోడలు లేచింది. పిచ్చుక కుర్చీలో కూర్చుంది. ఫోన్ అద్దాన్ని ఓణీతో శుభ్రంగా, పొడిగా తుడిచింది. తల్లి వైపు చూసి నవ్వింది.

తెర జరపడానికి కుడి బొటనవేలు ఎత్తింది...

'చప్.'